పాత సినిమా డిస్కులో గ్రెయిన్‌ను గుర్తుపట్టడం, కాపాడుకోవడం

పాత తెలుపు నలుపు సినిమా డిస్కు ఒకటి ప్లేయర్‌లో పెట్టి, నటులు పెద్దగా కదలకుండా మాట్లాడుకునే దృశ్యం ఎంచుకుని, వాళ్ల వెనక ఖాళీ గోడ కనిపించే చోట బొమ్మను ఆపండి. టీవీకి రెండడుగుల దూరంలో నిలబడి ఆ గోడను చూస్తూ, ఒక్కొక్క ఫ్రేమే ముందుకు జరపండి. కంప్యూటర్‌లో వీఎల్‌సీ వాడేవారు కీబోర్డు మీద ఇంగ్లీషు ‘E’ అక్షరం నొక్కితే ఫ్రేము ఫ్రేముగా జరుగుతుంది. గోడ మీద సన్నని ఇసుక చల్లినట్టు రేణువులు కనిపించి, ఫ్రేము మారిన ప్రతిసారీ వాటి అమరిక పూర్తిగా మారిపోతూ ఉంటే, ఫిల్ము మీద ఉన్న బొమ్మ చాలావరకు మీ ఇంటిదాకా వచ్చినట్టే. గోడ కొత్తగా సున్నం వేసినట్టు నున్నగా ఉంటే, దారిలో ఎవరో దాన్ని కడిగేశారు. రేణువులు ఉన్నా, నాలుగైదు ఫ్రేములపాటు ఒకేచోట అతుక్కుపోయి ఆపైన ఒక్కసారిగా జరిగితే, కడగడంలో గాని, ఫైలును కుదించడంలో గాని నష్టం జరిగింది. మీ డిస్కులో ఈ మూడింటిలో ఏది ఉందో తేల్చుకోవడానికి ఐదు నిమిషాలు చాలు.

ఆ రేణువులనే గ్రెయిన్ అంటారు. మన ఇళ్లలో చాలామంది దాన్ని దుమ్ముగానో, పాతబడినందువల్ల వచ్చిన చెడుగానో భావిస్తారు. అది పోయి బొమ్మ అద్దంలా ఉంటే నాణ్యత పెరిగిందని సంతోషిస్తారు. ఆ భావన వల్లనే పాత సినిమాలకు అన్నిటికంటే పెద్ద నష్టం జరుగుతోందని నేను నమ్ముతున్నాను. కొనేవాడు నునుపును మెచ్చుకున్నంతకాలం అమ్మేవాడు నునుపు చేసే పంపుతాడు. అందువల్ల గ్రెయిన్ ఏమిటో, దాన్ని ఎక్కడ ఎలా చెరిపేస్తారో, మన టీవీలో అది ఎలా నిలబడుతుందో ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

గ్రెయిన్ ఎక్కడినుంచి వస్తుంది

ఫిల్ము మీద పలుచని జెలటిన్ పొరలో సిల్వర్ హాలైడ్ స్ఫటికాలు ఉంటాయి. వెలుతురు తగిలిన స్ఫటికాలు ల్యాబ్‌లో డెవలప్ చేసినప్పుడు నల్లని లోహపు వెండిగా మారతాయి. తగలనివి ఆ తరువాతి దశలో కరిగి కొట్టుకుపోతాయి. తెలుపు నలుపు సినిమాలో మనం చూసే నీడ, వెలుగు, కనురెప్ప, ముత్యాల హారం అన్నీ ఆ వెండి రేణువుల గుంపులే. రంగుల ఫిల్ములో ఆ వెండిని కూడా తీసేస్తారు. అది ఉన్నచోట రంగు మాత్రం చిన్న చిన్న మబ్బుల్లాగా మిగులుతుంది. రంగుల సినిమాలో గ్రెయిన్ అంచులు కాస్త మెత్తగా కనిపించడానికి కారణం ఇదే. ఏ రకం ఫిల్ములోనైనా, బొమ్మ ఒకటి, దాని మీద పడ్డ రేణువులు వేరొకటి అని విడదీయడం కుదరదు. ముగ్గులోంచి పిండిని తీసేసి ముగ్గును మాత్రం ఉంచమంటే ఎలా ఉంటుందో, గ్రెయిన్ తీసేసి బొమ్మను ఉంచమనడం అలా ఉంటుంది.

ఒకే సినిమాలో అన్ని దృశ్యాల గ్రెయిన్ ఒకేలా ఉండదని కూడా తెలుసుకోవాలి. లేకపోతే మంచి డిస్కును చెడ్డదని అనుకునే ప్రమాదం ఉంది. స్ఫటికం పెద్దదైతే తక్కువ వెలుతురుకే స్పందిస్తుంది, దానితోపాటు రేణువు కూడా పెద్దదవుతుంది. 1970లలో విరివిగా వాడిన కొడాక్ 5247 రంగుల నెగెటివ్ వేగం, అంటే వెలుతురుకు స్పందించే శక్తి, 100 మాత్రమే. 1959 నుంచి అమ్ముతున్న తెలుపు నలుపు డబుల్ ఎక్స్ ఫిల్ము వేగం పగటి వెలుతురులో 250. వెలుతురు చాలని చోట తీసి, ల్యాబ్‌లో ఎక్కువసేపు డెవలప్ చేయించి గట్టెక్కిన దృశ్యాల్లో గ్రెయిన్ ఇంకా ముదురుతుంది. స్టూడియో సెట్టులో పదుల దీపాల కింద తీసిన పాట సన్నగా, నిండుగా ఉండి, దాని వెంటనే వచ్చే రాత్రి వీధి దృశ్యం గరుకుగా ఉంటే, ఆ తేడా సినిమా తీసిన రోజునుంచీ ఉన్నదే.

ఒక దృశ్యం కరిగి ఇంకో దృశ్యంలో కలిసిపోయే చోట్లు మరీ ముఖ్యం. అలాంటి మార్పులను, బొమ్మ మీద పడే టైటిళ్లను, చాలా ట్రిక్ షాట్లను రెండు ఫిల్ముల నుంచి మూడో ఫిల్ముకు ఆప్టికల్ ప్రింటర్ మీద కాపీ చేసి తయారుచేసేవారు. కాపీ అంటే ఒక తరం అదనం. తరం పెరిగితే గ్రెయిన్ పెరుగుతుంది, సూక్ష్మమైన వివరం తగ్గుతుంది. మన పౌరాణిక చిత్రాల్లో అస్త్రాలు ఢీకొనే ఘట్టాల్లోను, మాయలు జరిగే ఘట్టాల్లోను బొమ్మ ఉన్నట్టుండి గరుకెక్కడానికి కారణం ఇదే. దృశ్యం కరగడానికి ఒక క్షణం ముందు గ్రెయిన్ పెరిగి, కొత్త దృశ్యంలో మొదటి కట్ రాగానే మళ్లీ తగ్గుతున్నట్టు కనిపిస్తే దాన్ని మంచి గుర్తుగా తీసుకోండి. సినిమా మొత్తాన్నీ ఒకే మెషీన్‌లో వేసి సమానంగా రుద్దేస్తే ఆ తేడా మిగలదు.

మూలం ఏదో చూడండి

కెమెరాలో నడిచిన ఫిల్ము నెగెటివ్. దానినుంచి ఒక పాజిటివ్, ఆ పాజిటివ్ నుంచి డ్యూప్ నెగెటివ్, ఆ డ్యూప్ నుంచి థియేటర్లకు వెళ్లే ప్రింట్లు తీస్తారు. మన దగ్గర చాలాసార్లు అసలు నెగెటివ్ నుంచే నేరుగా ప్రింట్లు వేసేవారు, దానివల్ల నెగెటివ్ అరిగిపోయేది కూడా. డిస్కు తయారుచేసినప్పుడు వీటిలో దేన్ని స్కాన్ చేశారన్నదే బొమ్మ నాణ్యతను అన్నిటికంటే ముందు నిర్ణయిస్తుంది. ప్రింటులో కాంట్రాస్టు అప్పటికే ఎక్కువ చేసి ఉంటుంది. అందులో చీకటి భాగాలు ఒకసారి మూసుకుపోయాక ఎంత ఖరీదైన స్కానరూ వాటిని తిరిగి తెరవలేదు.

అట్ట మీద ‘అసలు కెమెరా నెగెటివ్ నుంచి 4కె స్కాన్’ అని ఉంటే అది స్పష్టమైన మాట. ‘డిజిటల్‌గా మెరుగుపరచినది’ అని మాత్రమే ఉంటే అందులో మూలం గురించి సమాచారమేదీ లేదు. అట్ట ఏమీ చెప్పనప్పుడు బొమ్మనే అడగాలి. ప్రతి రీలు చివర, తెర కుడివైపు పైమూలలో చిన్న గుండ్రని మచ్చ క్షణంపాటు మెరిసి, ఏడెనిమిది సెకన్ల తరువాత మళ్లీ మెరుస్తుందేమో చూడండి. రెండో ప్రొజెక్టరును సిద్ధం చేసుకొమ్మని, ఆపైన దానికి మారమని ఆపరేటరుకు చెప్పడానికి పెట్టిన గుర్తులవి. అవి కనిపిస్తే మీ డిస్కు చాలావరకు థియేటర్ ప్రింటు నుంచి వచ్చినదే. మొదట్లో సెన్సార్ సర్టిఫికెట్ గీతలతో, చిరిగిన అంచులతో కనిపించడం, రీలు మారేచోట ఒకటి రెండు మాటలు ఎగిరిపోవడం, రంగుల సినిమా అంతా గులాబీ రంగుకు తిరగడం కూడా ఆ కోవలోవే. ఈస్ట్‌మన్ రంగు ప్రింట్లలో నీలి, పసుపు ఛాయలు ముందు వెలిసిపోవడం వల్ల ఆ గులాబీ రంగు వస్తుంది.

ప్రింటు నుంచి వచ్చిందని డిస్కును తీసిపారేయకండి. మన పాత సినిమాలు అనేకం నెగెటివ్ పాడైపోయి, మిగిలిన ఒకటి రెండు ప్రింట్ల పుణ్యాన బతికి ఉన్నవే. 1993లో లండన్‌లోని ఒక ల్యాబ్‌లో జరిగిన అగ్నిప్రమాదంలో సత్యజిత్ రాయ్ తీసిన అపు చిత్రత్రయం నెగెటివ్‌లు కాలిపోయాయి. ఆ కాలిన ముక్కలను పారేయకుండా లాస్ ఏంజిలిస్‌లోని అకాడమీ ఫిల్మ్ ఆర్కైవ్ దాచింది; ఏళ్ల తరువాత ఇటలీలోని బొలోన్యా నగరంలో ఒక ల్యాబ్ నిపుణులు వాటికి తేమ పట్టించి, చేత్తో అతుకులు వేసి, స్కాన్ చేయగలిగిన ప్రతి అడుగూ స్కాన్ చేశారు. పనికిరాని భాగాలకు వేరేచోట దొరికిన తరువాతి తరం కాపీలు వాడారు. 2015లో వచ్చిన ఆ పునరుద్ధరణను జాగ్రత్తగా చూస్తే, నెగెటివ్ భాగం ఎక్కడ ముగిసి కాపీ భాగం ఎక్కడ మొదలైందో కొన్నిచోట్ల గ్రెయినే చెబుతుంది. పనిచేసినవారు ఆ తేడాను దాచడానికి అంతటినీ నున్నగా చేయలేదు. నాకు ఆ నిర్ణయం మీద ఎంతో గౌరవం.

గీతలు, దుమ్ము, మచ్చలు గ్రెయిన్‌కు సంబంధించినవి కావు. ప్రింటు మీద వాన కురిసినట్టుండే నిలువు గీతలను, ఎగిరే తెల్లచుక్కలను తొలగించడం న్యాయమైన పని. ఫిల్మును ఒక ద్రవంలో తడిపి స్కాన్ చేస్తే సన్నని గీతలు ఆ ద్రవంతో నిండి కనబడకుండా పోతాయి. రంగుల ఫిల్ము మీద దుమ్మును పరారుణ కిరణాలతో గుర్తించవచ్చు. తెలుపు నలుపు ఫిల్ములో వెండి ఆ కిరణాలను కూడా అడ్డుకోవడం వల్ల అక్కడ ఆ ఉపాయం పారదు, మనిషి కూర్చుని ఫ్రేము ఫ్రేమూ చూడవలసిందే. ఆ శ్రమ తప్పించుకోవడానికి మెషీన్‌కు అప్పగించినప్పుడు అది దుమ్ముతోపాటు వాన చినుకులను, నిప్పురవ్వలను, ఎగిరే అక్షింతలను కూడా మింగేస్తుంది. పెళ్లి దృశ్యంలో తలంబ్రాలు గాలిలో ఉన్న నాలుగైదు ఫ్రేములను ఒకసారి ఆపి చూడండి. కొన్ని గింజలు ఒక ఫ్రేములో ఉండి తరువాతి ఫ్రేములో లేకపోతే జరిగింది అదే.

మల్లెచెండు ఏమైంది

నా దగ్గర 1950ల నాటి ఒక తెలుగు సినిమా రెండు డీవీడీలుగా ఉంది. ఒకటి చాలా ఏళ్ల కిందట కొన్నది. గీతలున్నాయి, బొమ్మ కాస్త ఊగుతుంది. రెండోది తరువాత కొత్త అట్టతో, మెరుగుపరచినదన్న మాటతో వచ్చింది. కొత్తది పెట్టగానే ఇంట్లో అందరూ ఎంత శుభ్రంగా ఉందో అన్నారు. నాకూ మొదటి పది నిమిషాలు అలాగే అనిపించింది. కథానాయిక కిటికీ పక్కన పక్కకు తిరిగి కూర్చున్న దృశ్యం రాగానే ఏదో లోటు తోచి, రెండు డిస్కులనూ అదే ఫ్రేము దగ్గర ఆపి పక్కపక్కన పెట్టుకున్నాను. పాత డిస్కులో ఆమె జడలో మల్లెచెండు మల్లెచెండుగానే ఉంది. మొగ్గ మొగ్గకూ మధ్య నీడ ఉంది, కట్టిన దారం ఒకచోట బయటికి కనిపిస్తోంది. కొత్త డిస్కులో అదొక తెల్లని ముద్ద. చెంప మీద పౌడరు ఛాయ పోయి మైనం పూసినట్టయింది. చెవి దగ్గర చెదిరిన వెంట్రుకలు లేవు. ఆమె తల తిప్పినప్పుడు జుట్టు అంచు వెంట ఒక మసక నీడ సాగి, తల ఆగాక వచ్చి కలుస్తోంది. చీర సరిగంచుకు మాత్రం చుట్టూ సన్నని తెల్లని గీత గీసి, చూడగానే స్పష్టంగా ఉన్నట్టు అనిపించేలా చేశారు.

ఇందులో రెండు వేర్వేరు పనులున్నాయి. మొదటిది డిజిటల్ నాయిస్ రిడక్షన్. మెషీన్ పక్కపక్క ఫ్రేములను పోల్చి, ఏది మారుతోందో దాన్ని చెత్తగా లెక్కవేసి సగటు తీస్తుంది. గ్రెయిన్ ప్రతి ఫ్రేములోనూ మారుతుంది గనుక పోతుంది. దానితోపాటు గ్రెయిన్ అంత సన్నగా ఉన్న వెంట్రుక, నేత, మొగ్గల మధ్య నీడ కూడా పోతాయి. కదిలే వస్తువు వెనక మసక తోక మిగలడం దీని కచ్చితమైన ఆనవాలు. రెండోది, అలా మెత్తబడిన బొమ్మకు పదును ఉన్నట్టు చూపడానికి అంచుల వెంట తెల్లని, నల్లని గీతలు చేర్చడం. టైటిల్ అక్షరాల చుట్టూను, తెల్లని ఆకాశం ముందు నిలిచిన గోపురం అంచున, నల్లకోటు భుజం మీదను ఈ గీత త్వరగా దొరుకుతుంది.

పెద్ద సంస్థలు, పెద్ద సినిమాలు కూడా ఇందుకు మినహాయింపు కావు. 1970 నాటి అమెరికన్ యుద్ధచిత్రం ‘పాటన్’ను 65 మిల్లీమీటర్ల ఫిల్ము మీద తీశారు, అంత వెడల్పు ఫిల్ములో గ్రెయిన్ అసలే సన్నగా ఉంటుంది. 2008లో వచ్చిన దాని బ్లూరేలో ముఖాలు మైనపు బొమ్మల్లా ఉన్నాయని చూసినవారు తీవ్రంగా విమర్శించారు. 2012లో గ్రెయిన్ నిలిపిన కొత్త ప్రతిని విడుదల చేశారు. చూసేవారు నోరు తెరిచి అడిగితే తయారీదారు వెనక్కి తగ్గుతాడనడానికి దీన్ని నేను తరచు ఉదాహరణగా చెబుతాను. పాత బొమ్మను కృత్రిమ మేధతో 4కెకు పెంచామని చెప్పే ప్రతుల్లో ఈ రోగం ఇంకో రూపంలో వస్తోంది: అక్కడ పోయిన వివరం స్థానంలో మెషీన్ తనకు తోచిన కనురెప్పలను, పళ్లను, చర్మాన్ని గీస్తుంది. గుంపులో వెనక వరసలో నిలబడ్డవారి ముఖాలను ఆపి చూస్తే కళ్లు వంకరగా అతికినట్టు ఉండటం గమనించవచ్చు.

రంగులద్దిన ప్రతులను కూడా వేరుగా చూడాలి. 1957 నాటి ‘మాయాబజార్’ను 2010లో రంగులద్ది, బొమ్మను స్కోపు వెడల్పుకు మార్చి, డీటీఎస్ శబ్దంతో విడుదల చేసినప్పుడు కొత్త తరం దాన్ని థియేటర్లో చూడగలిగింది, అది మంచిదే. ఆ సినిమా ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్ట్‌లే వెలుగునీడల పనిని పరిశీలించదలచినవారికి మాత్రం తెలుపు నలుపు ప్రతే కావాలి. తెలుగులో తొలి సినిమాస్కోప్ చిత్రం 1974లో వచ్చిన ‘అల్లూరి సీతారామరాజు’. అంతకు ముందరివన్నీ దాదాపు చదరపు బొమ్మకోసం కూర్చినవే. అలాంటి సినిమా మీ వెడల్పు టీవీలో అంచులదాకా నిండి కనిపిస్తుంటే, బొమ్మను సాగదీసినా ఉండాలి, పైనా కిందా కోసినా ఉండాలి. 1.37 నిష్పత్తి బొమ్మను 1.78కి కోస్తే ఎత్తులో 23 శాతం పోతుంది: నాట్యంలో పాదాలు, కిరీటాల పైభాగం ఫ్రేములోంచి బయటికి వెళ్లిపోతాయి. పైగా మిగిలిన భాగాన్ని పెద్దది చేయడం వల్ల గ్రెయిన్ కూడా ఉండవలసినదానికంటే లావుగా కనిపిస్తుంది.

ఫైలులో ఎంత చోటు ఇచ్చారు

వీడియోను కుదించే పద్ధతులన్నీ ఒక ఫ్రేమును చూసి తరువాతి ఫ్రేమును ఊహిస్తాయి. గోడ కదలదు గనుక దాన్ని మళ్లీ పంపనక్కరలేదు. గ్రెయిన్‌ను మాత్రం ఊహించలేము. ప్రతి ఫ్రేములోనూ అది కొత్తది. అందువల్ల గ్రెయిన్ ఉన్న సినిమాకు డేటా ఎక్కువ కావాలి, అది చాలకపోతే రేణువులు చిన్న చిన్న చదరాలుగా గడ్డకట్టి, ఈగలు ముసిరినట్టు కదులుతాయి. ఈగల్లాగా కదిలే ఆ చదరాలను చూసి చాలామంది గ్రెయిన్ మీద విసుగు పెంచుకున్నారు. ఆ నేరం గ్రెయిన్‌ది కాదు.

లెక్క వేసి చూద్దాం. వీసీడీ బొమ్మ 352 పిక్సెళ్ల వెడల్పు, 288 పిక్సెళ్ల ఎత్తు. వీడియోకు సెకనుకు సుమారు 1.15 మెగాబిట్లు. అందులో గ్రెయిన్ నిలిచే ప్రశ్నే లేదు. డీవీడీలో వీడియోకు గరిష్ఠంగా 9.8 మెగాబిట్లు వాడవచ్చు. మూడు గంటల సినిమాను 4.7 గిగాబైట్ల ఒంటిపొర డీవీడీలో పెడితే శబ్దంతో కలిపి సెకనుకు మూడున్నర మెగాబిట్లకు మించి రావు. ఒక్కొక్కటి రెండున్నర గంటల సినిమాలు మూడింటిని 8.5 గిగాబైట్ల డిస్కులో ఇరికిస్తే రెండున్నరే. మూడు సినిమాలు ఒకే డిస్కులో వచ్చాయని సంతోషించేముందు ఈ లెక్క గుర్తుంచుకోండి. బ్లూరేలో వీడియోకు 40 మెగాబిట్లదాకా వాడవచ్చు. 50 గిగాబైట్ల డిస్కులో మూడు గంటల సినిమాకు సగటున 37 మెగాబిట్లు దొరుకుతాయి.

మీ దగ్గరున్న ఫైలు సంగతి తెలుసుకోవడానికి మీడియాఇన్ఫో అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో దాన్ని తెరవండి. కొలతలు, బిట్‌రేటు (సెకనుకు ఎన్ని బిట్లు), సెకనుకు ఫ్రేములు అన్నీ అందులో కనిపిస్తాయి. సెకనుకు 25 ఫ్రేములని ఉంటే, 24 ఫ్రేములతో తీసిన సినిమాను పాల్ టీవీ పద్ధతికోసం 4 శాతం వేగంగా నడిపి ఉండవచ్చు: 150 నిమిషాల సినిమా 144 నిమిషాల్లో అయిపోతుంది, శ్రుతిని సరిచేయకపోతే ఘంటసాల గొంతు కొంచెం పైకి వెళుతుంది. పాటలు చెవిలో నాటుకుపోయినవారు దీన్ని వెంటనే పసిగడతారు.

కొలతల్లో 1920, 1080 అని ఉన్నంత మాత్రాన అది నిజమైన హెచ్‌డీ కాదు. ఒక ఫ్రేమును ఫొటోగా తీసుకుని, ఎత్తును 576 పిక్సెళ్లకు తగ్గించి, మళ్లీ 1080కి పెంచి, అసలు ఫొటో పక్కన పెట్టి చూడండి. రెండింటి మధ్య తేడా లేకపోతే ఎవరో డీవీడీ బొమ్మనే సాగదీసి పెట్టారు. కదిలే చెయ్యి అంచున దువ్వెన పళ్లలాంటి అడ్డగీతలున్నా అదే అనుమానం బలపడుతుంది. ఇక తెలుపు నలుపు సినిమాలో ఆకుపచ్చ, ఊదా చుక్కలు పాకుతుంటే అది గ్రెయిన్ కాదు, పాత టేపునుంచి వచ్చిన రంగు నాయిస్. దీనికి ఇంట్లోనే మందుంది: ఆ సినిమా చూస్తున్నంతసేపూ టీవీలో రంగును సున్నాకు దించేయండి.

స్ట్రీమింగ్‌లో పరిస్థితి కొంత వేరు. అక్కడ సాధారణంగా బ్లూరే కంటే చాలా తక్కువ డేటాతో సరిపెడతారు. ఏవీ1 అనే కొత్త పద్ధతిలో, గ్రెయిన్‌ను ముందే తీసేసి, అది ఎలా ఉండేదో వివరాలు మాత్రం పంపితే, చూసేచోట అలాంటి గ్రెయిన్‌నే మళ్లీ చల్లే ఏర్పాటు ఉంది. జాగ్రత్తగా చేస్తే కంటికి బాగానే ఉంటుంది. ఎంతైనా అది ఆనాటి ఫిల్ము మీది రేణువు కాదు గనుక, దాచుకోదలచిన సినిమాకు మంచి డిస్కు దొరికితే నేను డిస్కే కొంటాను.

టీవీని సరిచేయడం

మంచి డిస్కు కొన్నాక టీవీయే దాన్ని కడిగేస్తే కొన్న ఫలం దక్కదు. దుకాణంలోనుంచి వచ్చిన టీవీ సాధారణంగా బొమ్మను మెరిపించే అమరికలతో వస్తుంది. ముందుగా పిక్చర్ మోడ్‌ను ‘సినిమా’కు గాని, ఉంటే ‘ఫిల్మ్‌మేకర్ మోడ్’కు గాని మార్చండి. 2020 తరువాత వచ్చిన చాలా టీవీల్లో ఈ రెండోది ఉంది. అది నునుపు చేసే పనులను చాలావరకు ఒక్కదెబ్బతో ఆపేస్తుంది. లేని టీవీల్లో ఒక్కొక్కటీ వెతికి ఆపాలి: నాయిస్ రిడక్షన్, ఎంపెగ్ నాయిస్ రిడక్షన్, డైనమిక్ కాంట్రాస్ట్, ఎల్‌జీలో ట్రూమోషన్, సోనీలో మోషన్‌ఫ్లో. ఈ చివరి రెండూ లేని ఫ్రేములను కల్పించి కదలికను జారుడుగా చేస్తాయి. వాటి వల్ల పాత సినిమా నిన్న తీసిన సీరియల్‌లా కనిపిస్తుంది, పైగా కదలిక ఉన్నచోట గ్రెయిన్ చెదిరిపోతుంది.

షార్ప్‌నెస్ అంకె ప్రతి టీవీలోనూ వేరు గనుక ఎవరో చెప్పిన అంకెను నమ్మకండి. తెల్లని నేల మీద నల్ల అక్షరాల టైటిల్ దగ్గర బొమ్మను ఆపి, అక్షరాల చుట్టూ తెల్లని అంచు మాయమయ్యేవరకు తగ్గించండి, అక్షరం మసకబారడం మొదలయ్యేలోపు ఆగండి. అంచు ఎంతకీ పోకపోతే అది డిస్కులోనే ఉంది. బ్లూరే ప్లేయర్ మెనూలో కూడా విడిగా నాయిస్ రిడక్షన్ ఉండవచ్చు. దాన్ని మరిచిపోయి టీవీని తిట్టుకున్నవారిలో నేనూ ఉన్నాను. పిక్చర్ సైజులో సాగదీసే ఎంపికను తీసేసి, పక్కల నల్లని పట్టీలను అలాగే ఉండనివ్వండి.

గదిలో పెద్ద లైటు ఆర్పి, టీవీ వెనక చిన్న దీపం ఉంచుకుంటే సరిపోతుంది. దూరం కూడా ముఖ్యం. 55 అంగుళాల టీవీ ఎత్తు సుమారు 68 సెంటీమీటర్లు. బ్లూరే చూడటానికి ఎత్తుకు మూడురెట్ల పైచిలుకు, అంటే ఏడడుగులు, సరైన దూరం. అక్కడ కూర్చుంటే గ్రెయిన్ విడివిడి చుక్కలుగా కాకుండా, బొమ్మకు ప్రాణం ఉన్నట్టు మెల్లగా కదులుతూ తెలుస్తుంది. డీవీడీకి ఇంకా వెనక్కి జరగాలి. ఇంతవరకు చెప్పిన పరీక్షలు దగ్గర నిలబడి చేయవలసినవి. సినిమాను మాత్రం దూరంనుంచే చూడాలి.

సొంత డిస్కును దాచుకోవడం

డీవీడీలు పాడవుతాయి గనుక కొన్నవాటిని ఫైలుగా దాచుకోవాలనుకోవడం సహజం. చోటు ఉంటే కుదించకుండా ఉన్నదున్నట్టు కాపీ చేసుకోవడమే మేలు. వీడియోను కుదించే హ్యాండ్‌బ్రేక్ అనే సాఫ్ట్‌వేర్ వాడేవారు ఫిల్టర్లలో డీనాయిజ్‌ను ఆపి, ఎన్‌కోడర్ ట్యూన్‌లో ‘గ్రెయిన్’ ఎంచుకుని, నాణ్యత అంకెను 16 నుంచి 18 మధ్య పెట్టాలి. అంకె తగ్గితే నాణ్యత పెరుగుతుంది. కొలతలు పెంచకూడదు. ఫైలు పరిమాణం చూసి ఏదో తప్పు జరిగిందనుకుంటారు. గ్రెయిన్‌కు అయ్యే ఖర్చు అదే, ఒప్పుకోక తప్పదు.

తయారీదారుకు రాయడం

డిస్కు బాగాలేదని తేలితే ఊరుకోకుండా రాయండి. ‘క్వాలిటీ బాగాలేదు’ అని ఒక్క ముక్క రాస్తే జవాబు రాదు. వచ్చినా, పాత సినిమా గనుక అలాగే ఉంటుందని వస్తుంది. ఎన్నో నిమిషం, ఎన్నో సెకను, ఏ దృశ్యం, ఫ్రేములో ఏ వస్తువు అన్నది రాసి, ఆ ఫ్రేము ఫొటో జతచేయండి. పాత ప్రతి మీ దగ్గర ఉంటే అందులోని అదే ఫ్రేమును పక్కన పెట్టండి. ఏ మూలం నుంచి స్కాన్ చేశారో, నాయిస్ రిడక్షన్ వాడారో లేదో సూటిగా అడగండి, గ్రెయిన్ ఉంచిన ప్రతి తెస్తే మళ్లీ డబ్బు పెట్టి కొంటామని కూడా చెప్పండి. నేను రాసిన ఉత్తరంలో రెండు మల్లెచెండ్లు పక్కపక్కన ఉన్నాయి. రెండు వారాల తరువాత వచ్చిన జవాబులో వాళ్లు మొదట అడిగింది, ఆ పాత డీవీడీ నాకు ఎక్కడ దొరికిందని.